ఎదురింట్లో చిక్కిన ప్రస్థానం సంచి

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను గానీ, కడుపుమంట చల్లారలేదు.

ఈ రోజు నేనూ మా ఆవిడా మొదటిసారి విశాఖలో షికారు ఓడ ఎక్కాల్సింది. మా చీపురుపల్లికి విశాఖ దక్షిణం, గురువారం దక్షిణానికి వారశూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదు. అందుకని మా ఆవిడ నిన్ననే ప్రస్థానం పెట్టింది. అంటే మంచి గడియలో ఓ సంచి ఎదురింట్లో ఉంచితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఎడ్లబండి రోజుల్లో మా తాత చేతికర్ర ఒక్కటే ఉంచేవాడు. ఆయన్ని ఎవరూ ఆధార్ అడగలేదు. మా ఆవిడ మాత్రం, విలువైనది పెడితేనే ఫలమని ఇద్దరి కార్డులూ ఆ సంచిలో పెట్టింది.

పొద్దున్న కారొచ్చింది. చూస్తే ఎదురింటికి తాళం. ఆ ఇంటి అప్పారావుకు ఫోన్ చేశాను.

“ఎస్.కోటలో పెళ్ళికొచ్చినాం బావా. నీ సంచికేటి బెంగ? దేవుడి గదిలో ఎట్టి తాళమేసినాను. ఓడెక్కీసినావేటి?”

“మా కార్డులు అందులోనే ఉన్నాయిరా.”

“మరైతే సాయంత్రం ఇస్తాన్లే.”

అసలు కార్డులు చూపించనిదే ఓడ ఎక్కనివ్వరు. ఎస్.కోట వెళ్ళి తాళంచెవి తెచ్చేసరికి ఓడ ఉండదు. “సూసినారా, శూల ఊరికే పోద్దేటి?” అంది మా ఆవిడ. వాదించే ఓపిక నాకు లేదు. మీ ఇళ్ళలో ప్రస్థానం సంచిలో ఏం పెడతారో కాస్త చెప్పండి.

సాయంత్రం అప్పారావు సంచితో పాటు పెళ్ళి లడ్డూలు తెచ్చాడు. మా ఆవిడ రెండు తింది.