కాలు తగిలిన కార్నర్‌బ్యాక్

అమెరికాలోని నేపర్‌విల్‌లో హైస్కూల్ చివరి ఏడాది. అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో నేను రిసీవర్‌ని. పరిగెత్తి బంతి అందుకోవడం నా పని. దాన్ని చెడగొట్టడం ఎదురుగా నిలబడే కార్నర్‌బ్యాక్ పని. ఇంటికొచ్చిన ప్రతి అంకుల్‌దీ ఒకటే పాట: "మనవాళ్ళకి ఫుట్‌బాల్ ఏంట్రా? కాలేజ్ అప్లికేషన్స్ మీద ఫోకస్ చెయ్." వినీ వినీ నాకు ఒళ్ళు మండేది.

దూరంగా నిలబడే కార్నర్‌బ్యాక్ అంటే నాకసలు లెక్కలేదు. వాడు వదిలిన ఐదారు గజాలూ క్షణంలో మింగేసి, వాడు కంగారుగా వెనక్కి తిరగ్గానే టక్కున ఆగితే చాలు, బంతి నాదే. మీదమీదకొచ్చి నిలబడేవాడితోనే చిక్కు. ఆట మొదలవగానే రెండు చేతులతో గుండెల మీద ఒక్క తోపు తోస్తాడు. నేనేమో బక్కపలచటివాణ్ణి. మా టీమ్‌లోనే అలాంటివాడు ఒకడున్నాడు. "వాణ్ణి దాటలేకపోతే శుక్రవారం మ్యాచ్‌లో నువ్వు బెంచీ మీదే. మూడు ఛాన్సులిస్తాను" అని కోచ్ తేల్చేశాడు.

ఆ రోజు ప్రాక్టీస్‌లో మొదటిసారి వాడి తోపుకి వెల్లకిలా పడ్డాను. రెండోసారి పక్కకి తప్పుకోబోతుంటే నా షూ వాడి పిక్కకి తగిలింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి వాడి భుజాన్ని తాకి, కళ్ళకద్దుకోబోయి నా హెల్మెట్ ముందరి కమ్మీలకి కొట్టుకుంది. ఎవరికైనా కాలు తగిలితే అలా చెయ్యాలని నడక వచ్చినప్పటినుంచీ అమ్మ నేర్పింది. అదే అదనుగా వాడు నన్ను మళ్ళీ పడేశాడు. గ్రౌండంతా ఒకటే నవ్వులు. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గుపడినందుకు నా మీద నాకే పట్టరాని కోపమొచ్చింది.

మూడోసారి వాడి చేతులు నన్ను చేరకముందే రెండింటినీ కిందికి కొట్టి, వాడి భుజం పక్కనుంచి దూసుకుపోయాను. బంతి వచ్చి చేతుల్లో పడింది.

కోచ్ దగ్గరికొచ్చి, "శుక్రవారం ఆడుతున్నావు. ఆ దణ్ణాలు మాత్రం ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

"కాలు తగిలితే పెడతాను. నచ్చకపోతే బెంచీ మీద కూర్చోబెట్టండి" అన్నాను.

ఆయన విజిల్ నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. "ముందు కాలు తగలకుండా దాటడం నేర్చుకో" అన్నాడు.

"నేర్చుకుంటాను. తగిలితే మాత్రం పెడతాను."

శుక్రవారం మ్యాచ్ మొదలైనప్పుడే గ్రౌండ్‌లో ఉన్నాను.