రొట్టెను కాపాడేవాడు

ఆకలిగొన్నవారిని తృప్తిపరచే దేవునికి స్తోత్రం. మాది సిరిసిల్ల. నిరుడు కోరుట్ల ఉపవాస కూడికలో, బయటినుంచి వచ్చిన బోధకుడి ఇంగ్లీషు ప్రసంగాన్ని నేను తెలుగులో చెబుతున్నాను. 'లార్డ్' అనే మాటకు పూర్వం 'రొట్టెను కాపాడేవాడు' అని అర్థమని ఆయన చెప్పాడు. వినగానే నా ఒళ్లు పులకరించింది. ఆ ఉత్సాహంలో ప్రభువు అనాల్సిన చోట, "దొర అంటే ఇంటిల్లిపాది అన్నం కాపాడేవాడు" అనేశాను.

ముందు వరుసలోంచి ముసలమ్మ రాజవ్వ లేచింది.

"ఏ దొర కాపాడిండు బిడ్డ? మా ఊరి దొర మా కల్లంల వడ్లన్ని ఊడ్సుకపోయిండు. నువ్వు సూసినవా?"

ఆమె ఏమన్నదని బోధకుడు అడిగాడు. దాచకుండా చెప్పాను. ఆయన తలవంచుకుని, "మరి అన్నం కాపాడేవాడన్న పేరు ఎవరికి తగుతుందో ఆమెనే అడుగు" అన్నాడు.

అడిగాను.

"మొగడు పోయినంక నా ఐదుగురు పిల్లలను ఒక్కపూట పస్తుండనియ్యలే యేసయ్య. గా పేరు ఆయనకే తగుతది" అని రాజవ్వ కూర్చుంది.

ఇప్పుడు 'ప్రభువా' అన్న ప్రతిసారీ ఊడ్చిన ఆ కల్లం గుర్తొస్తుంది. ఈ పూట పొయ్యి వెలగని ఇళ్లకోసం మీరూ నాతోపాటు ప్రార్థించండి.