గోడకు అటువైపు

పటాన్‌చెరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న నడివయసు ఆడమనిషి, కూర్చోగానే నా భుజం మీద వాలి నిద్రపోయింది. నిద్రలోనే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. సంగారెడ్డి దగ్గర పడ్డాక ఉలిక్కిపడి లేచి వదిలింది.

"ఏమనుకోకమ్మా. అలవాటైంది. మా వాడల మత్తు పొడి కలిపిన కల్లు బంద్ చేయించినం. ఇగ మొగోళ్లకు వణుకుడు, ఫిట్స్. ఆడోళ్లమే చేతులు పట్టుకొని కూసుంటున్నం."

"మీ ఆయన ఎట్లున్నడు?"

"ఆయన దగ్గర నేనుండ. పక్కింటాయనకు నేను కావలుంట, ఆయన పెండ్లాం మా ఆయనకు కావలుంటది. సొంతోళ్లు బతిమాలితే మనసాగదు, సీసా తెచ్చిస్తం."

కాసేపు కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగ చూసింది.

"నడుమ ఒక్కటే గోడ. మా ఆయన నా పేరు పెట్టి పిలుస్తుంటే ఇనవడ్తది."