గాలి కాలుకు, గోళీ గుండెకు

పోయిన వారం ఆక్సిజన్ గది అన్న చనిపోయారు. కామెర్లు వచ్చాక పది రోజులు కూడా లేరని వాళ్ళావిడ ఫోన్‌లో చెబుతుంటే నమ్మలేకపోయాను. ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు మాలో ఎవరూ లేరు. షుగర్ వల్ల కాలి పుండు మానక ఆస్పత్రికి వచ్చిన నాబోటి వాళ్ళను అద్దాల గొట్టంలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పట్టించడం ఆయన ఉద్యోగం.

మొదటిరోజే నన్ను గది బయట ఆపేశారు. "టీచరమ్మా, తలకు నూనె పెట్టుకొచ్చిన్రు. లోపలంతా ఆక్సిజనే, నూనె ఉంటే నిప్పంటుకుంటది. పోయి తలస్నానం జేసి రాండ్రి." ముప్పై ఏళ్ళు శాలిబండ బడిలో పిల్లల్ని హోంవర్క్ చేయలేదని బయట నిలబెట్టినదాన్ని, నూనె జడతో నేనే బయట నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది.

లోపల చెవులు దిబ్బడ వేస్తే, అద్దం అవతల ఆయన నోరంతా తెరిచి ఆవలించేవారు. అది చూసి నాకూ ఆవలింత వచ్చి చెవులు వదిలేవి. రోజుకు ఎంతమంది కోసం ఆవలించేవారో!

నాకు గుండె లయ తప్పే జబ్బు కూడా ఉంది. పది రోజులయ్యాక ఒళ్ళు తేలికపడింది. ఇంత ఆక్సిజన్ లోపలికి పోతుంటే గుండె బాగుపడక ఏం చేస్తుందని నాకు నేనే తీర్మానించుకుని, గుండెకు వేసుకునే గోళీలు మానేశాను. ఘనకార్యం చేసినట్టు ఆయనకే చెప్పాను.

"ఎన్ని దినాలైంది టీచరమ్మా?"

"నాలుగు రోజులైంది అన్నా. మస్తు హుషారుగున్న."

ఆయన అరవలేదు. నా మణికట్టు మీద వేలు పెట్టి, రెండో చేత్తో బల్ల మీద నా నాడి లయను కొట్టి చూపించారు. రెండు దెబ్బలు, ఆగింది. గబగబా మూడు, మళ్ళీ ఆగింది. ఆ చప్పుడు వింటే భయమేసింది.

"గిట్ల నడిస్తే గుండెల రక్తం గడ్డకడతది. ఆ గడ్డ మెదడుకెక్కిందంటే పక్షవాతమే. గాలి కాలుకు, గోళీ గుండెకు. రెండింటినీ కలపకుండ్రి."

డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, నన్ను గుండె డాక్టరు దగ్గరికి తానే తీసుకెళ్ళారు. నాకు తిట్లు పడుతుంటే పక్కనే తల వంచుకుని కూర్చున్నారు, తప్పులో సగం తనదే అన్నట్టు.

పుండు మానింది. గుండె మాత్రం ఇప్పటికీ దాని ఇష్టమే, గోళీతో సర్దుకుపోతున్నాం. ఆరోజు ఆయన విని ఊరుకుని ఉంటే, ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదేమో. ఆయన్ను తలచుకుంటే ఏడుపుకన్నా ముందు మనసుకు హాయిగా ఉంటుంది.

నిన్న ధూల్‌పేటలో ఆయన ఇంటికి వెళ్ళాను. గడప బయట చెప్పులు విడవడానికి చోటు లేదు. అన్నీ షుగర్ కాళ్ళవాళ్ళు వేసుకునే మెత్తటి నల్ల చెప్పులే, అచ్చం నావిలాంటివే. తిరిగి వచ్చేటప్పుడు నా జత వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.