మా చెలక ఇస్తమని అరిచిన రోజు

నా చిన్నప్పుడు పాల్మాకుల దారిలో ఓట్ల జీపు మోత వినపడితే చాలు, నా కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. ఇప్పటికీ అంతే లెండి, కుదురుగా కూర్చోవడం నా ఒంట్లోనే లేదు. ఆ రోజు నాయనమ్మ చింతపండు కొడుతూ గింజలు తీయమని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సగంలో వదిలేసి ఉరికాను.

బడి ముందర నాయకుడు జీపు మీద నిలబడి మాట్లాడుతున్నాడు. మన ఊరు, మన పిల్లలు, మన కష్టం అంటున్నాడు. ఎన్నడూ చూడని మనిషి నన్ను తన ఇంటి పిల్లను చేసుకున్నట్టు పొంగిపోయాను. ఊరికి రోడ్డు రావాలంటే జాగా కావాలట. మనమే ఇద్దాం, మన ఊరి కోసం మనం కాక ఎవరిస్తారు అన్నాడు. ఒకటే చప్పట్లు. నేనిక ఆగలేకపోయాను. "మా చెలక ఇస్తం!" అని అరిచేశాను.

ఆయన నన్ను జీపెక్కించి తన దండ తీసి నా మెడలో వేశాడు. ఈ బిడ్డకున్న మనసు చూడండని మైకులో చెప్పాడు. ఎదురుగా మా తాత ఉన్నాడు. మాకున్న భూమల్లా ఆ ఒక్క జొన్న చెలకే. నలుగురిలో మాట పోతుందంటే ప్రాణమైనా ఇచ్చే రకం ఆయన. కాదనలేక, తల వంచుకుని, నాయకుడి మనుషులు జీపులోంచి తీసిన కాగితం మీద వేలిముద్ర వేయడానికి ముందుకొచ్చాడు. దండ తీసేద్దామంటే చేతులు రాలేదు.

అంతలో నాయనమ్మ వచ్చింది. చేతులకు చింతపండు జిగురు అలాగే ఉంది.

"సారూ, మనం ఇద్దామంటున్నవు, మంచిదే. మా దిక్కు మనం కోద్దాం రాండ్రి అని పిలిచినోడే ముందుగాల కొడవలి పడ్తడు. నీ జాగ ఎంతనో జర రాయి. దాని కింద మా ముసలాయన ఏలుముద్ర ఏస్తడు."

ఆయన నవ్వాడు. "నాది ఈడ లేదు గదమ్మా."

"మరి రోడ్డు ఎవలేస్తరు?"

"వాళ్లు చూస్తరు, పైనోళ్లు."

"ఇచ్చేది మేము, ఏసేది వాళ్లు. రేపు రోడ్డు నేనే తెచ్చిన అనేతందుకు నువ్వా?"

జనం గొల్లున నవ్వారు. తాత చేయి వెనక్కి తీసుకున్నాడు. కాగితం మడిచి జీపులో పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక నాయనమ్మ నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. సగంలో వదిలిన చింతపండు నా ముందుకు తోసింది.

ఇప్పుడు ఓట్లొస్తే ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా మైకులే. 'మన' అన్న మాట చెవిన పడగానే కూర్చున్నచోట ఉండలేను. అందులో ఇచ్చేదెవరో, తీసుకునేదెవరో వెతుకుతాను. ఇంట్లో కోడలితో మనం చేద్దామని నోటిదాకా వస్తే, ముందు నేనే లేస్తాను.

ఆ నాయకుడి మీద కోపం ఏనాడో పోయింది. నన్ను నిలవనీయనిది వేరే. తనది కానిదాన్ని ఇద్దామన్నాడని నాయనమ్మ ఆయన్ని నిలదీసింది. కానీ మా చెలక అని అరిచింది నేను. అప్పటికి ఆ చెలకలో ఒక్కనాడైనా కలుపు తీసి ఎరగను.