ఉర్లగడ్డ గళ్ల దోశ

నా కోపం ముక్కు మీద ఉంటుందని మా ఊళ్లో అంటారు. అది నిజం కాదు. ముక్కు మీద ఉంటే ఎప్పుడో చీది పారేసేవాణ్ణి. నా కోపం చేతుల్లో ఉంటుంది.

తాడిపత్రిలో బండలు కోసే ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పని నాది. రంపం రాతిలోకి దిగేటప్పుడు పెట్టే అరుపు రోజంతా విని ఇంటికి వస్తే, ఎవరు మెల్లగా మాట్లాడినా నా చెవికి ఎక్కదు. నాకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. ఇదంతా ఒక సాకు అని నాకూ తెలుసు. మా నాయన బండలు కొయ్యలేదు, శెనక్కాయ పంట పెట్టాడు, అయినా ఆయన మమ్మల్ని మోకుతో కొట్టేవాడు. వాన పడని ఏడు ఎక్కువ కొట్టేవాడు. మా వైపు వాన పడని ఏళ్లే ఎక్కువ.

పామిడికీ తాడిపత్రికీ నడుమ మా ఊరు. నా భార్య పామిడిలో నైటీలు కుట్టే షెడ్డుకు మొదటి బస్సుకే వెళ్లిపోతుంది. నేను బండి మీద ఎనిమిదింటికి బయల్దేరితే చాలు. అందుకని పొద్దున టిఫిను చేయడం, కూతురికి పెట్టి బడికి పంపడం నా పని. ఇంట్లో మా అమ్మ కూడా ఉంది, కానీ ఆమె చేయి వణుకుతుంది, నోరు మాత్రం వణకదు.

కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఏం తిన్నా బేదులు, పొట్ట ఉబ్బు, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి. ఇక్కడి డాక్టర్లు నులిపురుగుల మందు మింగించి మింగించి విసిగిపోయారు. చివరికి బెంగళూరు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు రక్తం తీసి, గొట్టం వేసి లోపల చూసి, ఈ పిల్లకు గోధుమ పడదన్నాడు. చపాతీ, మైదా, రవ్వ, బ్రెడ్డు, బిస్కట్టు, ఏదీ జన్మలో నోట్లో పెట్టకూడదట. గోధుమ లోపలికి పోతే పేగు గాయపడుతుంది, ఆపితే దానంతట అదే మానుతుంది, ఆపకపోతే పిల్ల ఎదగదు, ముందుముందు బతుకే కష్టం అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా తాతలు జొన్నా కొర్రా రాగీ తిని పోయారు, గోధుమ ముఖం చూడలేదు. మా అమ్మకు షుగరు వచ్చాక రాత్రిపూట చపాతీ తినమన్నారని ఆ పిండి మా ఇంట్లోకి వచ్చింది. ఊరికి రాగానే పిండి డబ్బా వీధిలో బోర్లించాను, చపాతీ కర్రను మోకాలి మీద పెట్టి రెండు ముక్కలు చేశాను. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఆసుపత్రి ఎదురుగా ఒక అంగడి ఉండేది. అద్దాల వెనక గళ్లు గళ్లుగా ఎర్రగా కాల్చిన వాఫిల్స్ పేర్చి పెట్టారు. కూతురు ముక్కు అద్దానికి ఆనించి నిలబడింది. మైదాతో చేస్తారా అని అడిగితే అమ్మేవాడు అవునన్నాడు. రమ్మంటే పిల్ల కదల్లేదు. రెక్క పట్టి లాగాను. ఫుట్‌పాత్ మీద పడి మోకాలు గీరుకుపోయింది. అది మోకాలి కోసం ఏడవలేదు, వాఫిల్ కోసం ఏడ్చింది. బస్సులో పామిడి దాకా వెక్కుతూనే ఉంది. గోధుమ ముట్టకుండా అదే వస్తువు నేనే చేసి దీని నోట్లో పెడతానని పంతం పట్టాను. బెంగళూరులో ఉన్న బామ్మర్దికి చెబితే వాఫిల్స్ కాల్చే కరెంటు మిషన్ పంపాడు.

చేయడం చెబితే తేలిక. ఉర్లగడ్డలు, అదే ఆలుగడ్డలు, పచ్చివే తురమాలి. తురుముతుంటే వేళ్ల కణుపులు కూడా తెగుతాయి, మొదటి వారమంతా నా రక్తం కొంచెం అందులో కలిసే ఉంటుంది. తురుము గుడ్డలో కట్టి గొంతు పిసికినట్టు పిండాలి, నీళ్లు ఒక్క బొట్టు మిగలకూడదు. అందులో బియ్యప్పిండి, జొన్నపిండి, ఒక గుడ్డు, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు. పిండి మరలో గోధుమ పట్టిన తర్వాత మా జొన్నలు పోశాడని మరవాడితో కొట్లాట పెట్టుకుని, అప్పటి నుంచి ఇంట్లో మిక్సీలోనే ఆడించుకున్నాను. మిషన్ కాలాక నూనె రాసి, పిండి వేసి, మూత అదిమి పెట్టాలి. పక్కల నుంచి బుస్సుమని ఆవిరి వస్తుంది. ఆవిరి ఆగేదాకా మూత తియ్యకూడదు. నాకు ఓపిక ఎక్కడిది? తీశాను. సగం పైన, సగం కింద అంటుకుని రెండుగా చీలింది. దాన్ని ఊడబీకి గోడకు కొట్టాను. అయిదు రోజులు గోడకే పెట్టాను టిఫిను.

ఆరో రోజు ఎర్రగా, కరకరలాడుతూ ముక్క చెదరకుండా వచ్చింది. కూతురు దానికి గళ్ల దోశ అని పేరు పెట్టింది. ఒక్కో గడిలో వేలితో ఊరుబిండి పచ్చడి నింపి, ఒక్కో గడి తుంచి తిన్నది. నా జన్మలో నేను చేసిన ఏ పనికీ అంత ఆనందపడలేదు.

మా అమ్మ మంచం మీద నుంచి చూసి అన్నది: "ఉర్లగడ్డ వాయువు రా. ఇంగువ లేకుండా పొద్దున్నే పిల్లకు పెడ్తావా? మొదలే దాని కడుపు మంచిది కాదు."

మా ఇంట్లో అన్నిటికీ తెల్లగడ్డ తాలింపే, ఇంగువ వాడకం లేదు. అయినా ఆ మాట సబబే అనిపించింది. ఉర్లగడ్డ వాయువుకు ఇంగువే మందని ఎవరినడిగినా చెప్తారు. అంగట్లో పసుపు రంగు డబ్బా తెచ్చి, పిండిలో అర చెంచా వేశాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా గళ్ల దోశే.

గోధుమ ఆపిన మొదటి రెండు నెలల్లో పిల్ల బుగ్గలు తేరాయి. మిషన్ వచ్చిన కొన్ని వారాలకు మళ్లీ మొదలైంది. బేదులు, కడుపునొప్పి, ముఖం పాలిపోవడం. ఎవరో దీనికి గోధుమ పెడుతున్నారని నాకు ఖాయమైపోయింది. మొదట మా అమ్మ మీద పడ్డాను. పక్కింటి నుంచి చపాతీ తెప్పించుకుని పిల్లకు పెడుతున్నావని అరిచాను. ఆమె ముందున్న సంగటి తట్టను కాలితో తన్నాను.

"నా కొడుకువైతివి గాబట్టి బతికిపోయినావు," అన్నది ఆమె. "మనవరాలికి నేను విషం పెడ్తానా? నీ నోట్లో మన్ను పడ."

తర్వాత బడి. బడి గేటు పక్కన ఒక బేకరీ ఉంది, పఫ్‌లు అమ్ముతారు. ఒక మధ్యాహ్నం పని ఎగ్గొట్టి పోయి, బేకరీవాడి కాలరు పట్టుకుని గల్లాపెట్టె మీదికి వంచాను.

"ఏమప్పా, పిచ్చి పట్టినాదా నీకు?" అని వాడు గింజుకున్నాడు. "నీ బిడ్డ మా అంగడి తట్టుకే రాదు. దేవుని మీద ఒట్టేసి చెప్తాండా!"

బిస్కట్ల గాజు జాడీ తీసి నేలకు కొట్టాను. పెంకు వాడి కాలికి గుచ్చుకుంది, నా అరచేయి చీరింది. నలుగురు పట్టి ఈడ్చి బయట పడేశారు. ఆ రక్తం చేత్తోనే ఇంటికి వచ్చాను. కూతురు అప్పుడే బడి నుంచి వచ్చి సంచి దించుతోంది. తొట్టి దగ్గర నీళ్ల పైపు ముక్క ఒకటి పడి ఉంది, అది అందుకున్నాను.

"ఏం తిన్నావు మే? చెప్పు!"

"ఏం తిన్లేదు నాయనా."

కొట్టాను. పిక్కల మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతుల మీద. మా అమ్మ అడ్డం వస్తే ఆమెనూ తోశాను. తిన్లేదు, తిన్లేదు అని అరిచి అరిచి, ఒక దెబ్బకు పిల్ల గొంతు మారింది.

"తిన్నా."

"ఏం?"

"పఫ్."

"ఎన్ని?"

"రెండు."

పైపు కింద పడేశాను. నిజం కక్కించానని గర్వపడ్డాను కూడా. ఆ సాయంత్రం పిల్లకు కడుపునొప్పి ఎక్కువైతే మజ్జిగలో ఇంగువ కలిపి తాగించాను, బొడ్డు చుట్టూ ఇంగువ నీళ్లు రాశాను. మర్నాటి నుంచి గళ్ల దోశలో అర చెంచా కాదు, నిండు చెంచా వేశాను. నొప్పి తగ్గాలని.

తగ్గలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నేను అడగడం, అది ఒప్పుకోవడం. పోనుపోను పిల్ల త్వరగా ఒప్పుకోవడం నేర్చింది. మూడు దెబ్బలకు, తర్వాత ఒక దెబ్బకు, చివరికి నేను పైపు వైపు చూస్తే చాలు. ఎంత మొండిది, ఇన్ని తన్నులు తిన్నా దొంగతిండి మానదే అనుకున్నాను. ఒక ఆదివారం నా భార్య పిల్లకు తల పోస్తూ వీపు చూసింది. తడి చేతులతోనే వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద నేను బజ్జీలకు నూనె కాస్తున్నాను.

"ఇంగొక దెబ్బ దాని మీద పడినాదంటే, నీ చెయ్యి ఈ నూనెలో పెడ్తా. నిద్రలో అయినా సరే పెడ్తా."

ఆమె అన్న మాట చేస్తుంది. మర్నాడే బెంగళూరుకు బయల్దేరదీసింది. ఫోను చేస్తే, అక్కడి ఆసుపత్రిలో తిండి గురించి చెప్పే మేడమ్, వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి పొట్లం పట్టుకురమ్మన్నదట. అన్నీ గోనె సంచిలో వేసుకుని పోయాం. ఆ మేడమ్ ఒక్కొక్కటే తీసి, తిప్పి చదివి పక్కన పెట్టింది. ఉప్పు, నూనె, కారం, జీలకర్ర. ఆ పసుపు రంగు ఇంగువ డబ్బా దగ్గర ఆగింది.

"ఇది దేంట్లో వేస్తారు?"

"ఉర్లగడ్డలో మేడమ్. రోజూ."

"ఎంత?"

"ఒక చెంచా. నొప్పి ఉంటే మజ్జిగలో కూడా."

ఆమె డబ్బా నా వైపు తిప్పి, చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టింది. గోధుమ పిండి అని ఉంది. ఉత్త ఇంగువ ఘాటు ఎక్కువని పిండి కలిపి అమ్ముతారట. తప్పు మీది కాదు, చాలామందికి తెలియదు అన్నది ఆమె. ఆమెకు పిల్ల వీపు సంగతి తెలియదు. నా భార్య నా ముఖం కూడా చూడలేదు.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున ఇంగువ లేకుండా గళ్ల దోశ చేసి, కూతురి ముందు పెట్టి, నేనూ నేల మీద కూర్చున్నాను. నా భార్య ఆ రోజు పనికి పోలేదు, గడపలో నిలబడి ఉంది.

"నువ్వు పఫ్ తిన్లేదు గదమ్మా?"

పిల్ల వాళ్లమ్మను చూసింది, అవ్వను చూసింది, నా చేతులు చూసింది.

"తిన్నానంటే కొడ్తావా, తిన్లేదంటే కొడ్తావా?"

"ఏం చెప్పినా కొట్టను."

"తిన్లేదు."

"ఒక్కసారి కూడా?"

"ఊహూఁ."

"మరి తిన్నానని ఎందుకు చెప్పినావు?"

"చెప్తే కొట్టేది నిలుపుతావు గదా."

మా వైపు తప్పు చేసినవాడు దేవుడి ముందు చెంపలేసుకుంటాడు. నేను కూతురి ముందు చెంపలేసుకున్నాను. మెల్లగానే మొదలుపెట్టాను. తర్వాత నా చేతులు నా మాట వినలేదు. రెండు చేతులతో, బండలు ఎత్తే బలంతో, ఎడాపెడా కొట్టుకున్నాను. పెదవి చిట్లింది, చెవిలో హోరు పుట్టింది. మా అమ్మ శోకాలు పెట్టింది. నా భార్య కదల్లేదు.

కూతురు తట్టను తోసేసి లేచి వచ్చి నా మణికట్లు పట్టుకుంది. ఆ చిన్న చేతులకు నేను ఆగుతానా? నన్ను ఆపలేక, గొంతు చించుకుని అరిచింది.

"నేనే తిన్నా నాయనా! రెండు తిన్నా! కొట్టుకోవద్దు, నిలుపు! నేనే తిన్నా!"

నా చేతులు అప్పుడు ఆగాయి. దెబ్బ ఎవరి మీద పడుతున్నా, అది ఆగాలంటే తప్పు తన మీద వేసుకోవాలని నా బిడ్డ అనుకుంటోంది. అది నేను నేర్పిందే.