చేతికి చెప్పే మిషన్

పోశం ఒక్కచోట కుదురుగా కూర్చుంటే చూడాలని అతని భార్య సరోజనకు ఎంతో కోరిక. బొగ్గు బాయి పని మానేసిన దగ్గర్నుంచి ఆ కోరిక తీరనే లేదు. పొద్దున ఛాయ్ తాగి గ్లాసు కింద పెడుతూనే చెప్పుల కోసం వెతికేవాడు. శ్రీరాంపూర్ కాలనీలో క్వార్టర్ల మధ్య సందులన్నీ తిరిగి, గని గేటు దాకా పోయి, లోపలికి పోయేవాళ్లను దూరం నుంచే చూసేవాడు. ఎవరైనా పలకరించడానికి దగ్గరికొస్తే తల ఊపి పక్కకు తిరిగిపోయేవాడు. ఇంటికొచ్చి కూర్చున్నాడో లేదో మళ్లీ బయటికి. ఒక్కోరోజు మంచిర్యాల బస్సెక్కి, బస్టాండులో దిగి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చేవాడు.

"ఏడికి పోయినవ్?" అని సరోజన అడిగేది.

"గిట్లనే," అనేవాడు.

హుస్నాబాద్ అవతలి పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి బాయిలో కుదిరినవాడు పోశం. బొగ్గు గోడకు రంధ్రాలు వేసే డ్రిల్ మిషన్ పట్టుకుని సగం జీవితం భూమి కిందే గడిపాడు. నడుము, మోకాళ్లు పనికిరాకుండా పోయాయని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. ఆ ఉద్యోగం కూతురు అమూల్యకు వచ్చింది. డిగ్రీ చదివిన అమూల్య గని మీద స్టోర్‌లో పనిచేస్తోంది. పొద్దున ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే పోశం గుమ్మంలో నిలబడి, ఎటు జరగాలో తెలియక ఆమె దారికే అడ్డం వచ్చేవాడు.

పని పోయిందన్న బెంగతో మనిషి ఇట్లా అయ్యాడని ఇంట్లో వాళ్లు అనుకున్నారు. అది సగమే నిజం. మిగతా సగం పోశం ఎవరికీ చెప్పలేదు. అతని చెవులు పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. డ్రిల్ మోత, మందు పేలే మోత ఏళ్ల తరబడి తింటూ వచ్చాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి పోల్చుకునేవాడు. వెనక నుంచి పిలిస్తే ఏమీ లేదు. నలుగురు కూర్చున్న చోట అందరూ నవ్వాక నవ్వడం, అందరూ లేచాక లేవడం అలవాటు చేసుకున్నాడు. దానికి చాలా ఓపిక కావాలి. అది తక్కువై, పదిమందిలో కూర్చోవడమే మానేశాడు. కాళ్లు నడుస్తున్నంతసేపు ఎవరూ మాట కలపరు కాబట్టి నడుస్తూ ఉండేవాడు.

అమూల్యకు చిన్నప్పటి వీడియో గేములంటే పిచ్చి. టీవీకి తీగ తగిలించి ఆడుకున్న ఆ ఆటలన్నీ ఇప్పుడు అరచేతిలో పట్టే మిషన్లలో వస్తున్నాయి. అలాంటిదొకటి కొనుక్కుని, ఆడుతూ, దాని మంచిచెడ్డలు తెలుగులో చెప్తూ వీడియోలు పెట్టేది. మొహం కనిపించదు, చేతులూ మిషనూ మాత్రమే. చూసేవాళ్లు తక్కువే అయినా విడవకుండా చూసేవాళ్లు.

ఒక ఆదివారం, గుమ్మానికీ గేటుకీ మధ్య తిరుగుతున్న తండ్రిని చూసి విసుగొచ్చి ఆ మిషన్ చేతిలో పెట్టింది.

"జర కూసో బాపు. గిది ఆడు."

"నాకేం వస్తదవ్వా గది."

"నీ పనే. సూడు."

చూశాడు. టోపీ పెట్టుకున్న చిన్న మనిషి మట్టి తవ్వుకుంటూ లోపలికి పోతున్నాడు. మెరిసే రాళ్లు ఏరుకుంటున్నాడు. పైన బండలు. కింద మట్టి తీసేస్తే బండ కాసేపు ఆగి మీద పడుతుంది. పడేముందు గుర్రుమంటుంది, పోశానికి అది వినపడలేదు.

"సపోర్టు పెట్టకుంటనే లోపలికి పోతుండేందే వీడు," అన్నాడు పోశం.

అమూల్య నవ్వింది. ఏళ్ల తర్వాత తండ్రి తనంతట తాను మాట కలిపాడని ఆమెకు అనిపించింది.

పోశం ఆ ఆటలో పడ్డాడు. బండ పడేముందు మిషన్ అరచేతిలో సన్నగా వణికేది. ఆ వణుకు తగలగానే బొటనవేలు దానంతటదే పక్కకు నొక్కేది. బాయిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో చూడటం కూడా ఇంచుమించు ఇట్లాంటిదే. కడ్డీతో పైకప్పును కొడితే గట్టి చోట ఖంగుమంటుంది, పట్టు వదిలిన చోట డొల్లగా పలుకుతుంది. చెవులు మందగించాక పోశం రెండో చేయి కప్పుకు ఆనించి, దెబ్బకు వచ్చే వణుకును బట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఆఖరి రోజుల్లో ఆ అరచేతి మీదే నడిచింది. తన వెనక ఇంకా మనుషులు ఉన్నారని, ఈ చేయి ఒక్కరోజు తప్పు చెప్తే ఏమవుతుందోనని, షిఫ్టుకు లోపలికి దిగే ముందు ప్రతిసారీ భయపడేవాడు. అన్‌ఫిట్ అన్నప్పుడు మనసులో ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాటా ఎవరికీ చెప్పలేదు.

వానాకాలం మొదట్లో కొత్త మోడల్ వచ్చింది. అమూల్య పెట్టె విప్పి పాతదాని పక్కన పెట్టుకుంది. కొత్తది పలచగా, వెడల్పుగా ఉంది. తెర పెద్దది, రంగులు కళ్లకు కొట్టొచ్చినట్టున్నాయి. పాతదానికి అడుగున ఒక్కటే స్పీకర్, అదీ చేయి అడ్డొస్తే మూసుకుపోతుంది. కొత్తదానికి ఎదుటి వైపే రెండు. పాతది గంట ఆడితే వెనక వేడెక్కేది, ఇది చల్లగానే ఉంది. దిక్కుల బటన్ మెత్తగా తిరుగుతోంది. చార్జింగ్ తొందరగా ఎక్కుతోంది. ఏ లెక్కన చూసినా పాతది వెనకబడింది.

పెద్దపల్లిలో ఉండే హర్షిణి అనే అమ్మాయి మొదట్నుంచీ ఈ వీడియోలు చూస్తుంది. కొత్తది వస్తే పాతది తనకివ్వమని ముందే అడిగింది. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని అమూల్య మాటిచ్చింది. వీడియో తీయడానికి ముందు, వేరే మనిషి చేతిలో కూడా చూద్దామని కొత్తదాన్ని తండ్రికి ఇచ్చింది.

"ఇదెట్లున్నదో చెప్పు బాపు. నీకు తెలిసిన ఆటనే."

పోశం ఆడాడు. మొదటి బండకే చచ్చాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ చచ్చాడు. బండ ఎప్పుడు కదులుతుందో అంతుచిక్కలేదు. తెర మీద చూసి తప్పుకుందామంటే అప్పటికే మీద పడుతోంది. చేయి బిగించి పట్టుకున్నాడు. చేతికి ఏమీ తెలియలేదు. మిషన్ శవంలా చల్లగా ఉంది.

"బాగలేదు," అని పక్కన పెట్టాడు.

"ఏం బాగలేదు? బటన్లా, తెరనా?"

"ఏమో. బాగలేదంతే."

"పాతదానికి అలవాటు పడ్డవ్ గందుకే. నాలుగు దినాలాడు, గదే అస్తది."

నాలుగు రోజులు ఆడాడు. రాలేదు. కూతురు స్టోర్‌కు పోగానే రెండింటినీ మంచం మీద పెట్టుకుని ఒకటి తర్వాత ఒకటి ఆడేవాడు. పాతదాంట్లో చాలా దూరం పోయేవాడు, కొత్తదాంట్లో గుమ్మం దాటేవాడు కాదు. లేచి వాకిట్లోకి పోయేవాడు, మళ్లీ వచ్చి పట్టుకునేవాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు. సరోజన వెనక నుంచి ఏదో అంది. పోశం వెళ్లిపోయాడు. ఆమె కంచం తీసి చప్పుడయ్యేలా నేలమీద పెట్టింది. ఆ చప్పుడూ అతనికి చేరలేదు.

శనివారం పొద్దున ఇక ఉండబట్టలేకపోయాడు. రెండు మిషన్లూ చేతిరుమాలులో చుట్టి జేబుల్లో వేసుకుని నస్పూర్ వైపు నడిచాడు. అక్కడ రాజయ్య ఉంటాడు. బాయిలో అతని జోడీ. పోశం కంటే రెండేళ్ల ముందే పని మానేస్తానన్నవాడు, ఏవో కారణాలు చెప్పి ఆగి, పోశం మానిన నెలలోనే తనూ మానేశాడు.

రాజయ్య రేకుల కింద కూర్చుని చిక్కుడు తీగకు పురికొస కడుతున్నాడు. పోశాన్ని చూసి లేచి ఎదురొచ్చాడు. ఎప్పటిలాగే, దగ్గరికొచ్చి మొహానికి మొహం పెట్టాకే మాట్లాడాడు.

"ఏందన్నా, గింత పొద్దుగాల? అంత మంచిదేనా?"

"ఒకటి చూడాలె నువ్వు," అంటూ పోశం కొత్త మిషన్ తీసి ఆట పెట్టాడు. "బండ పడేటప్పుడు చప్పుడేమన్నా అయితదా చెప్పు."

ఆడాడు. బండ పడింది.

"అయితుంది గదా," అన్నాడు రాజయ్య. "గుర్రుమని. మస్తు సాఫ్ ఇనవడ్తుంది."

పాతది తీశాడు. రాజయ్య చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "దీంట్ల గూడ అయితది. గని చిన్నగ, బొంగురు బొంగురుగ. కొత్తదే నయం."

పోశం రెండింటినీ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. కొత్తది పాడైపోలేదు. అది చెప్పవలసింది చెప్తూనే ఉంది, పాతదానికంటే గట్టిగానే. చెవికి చెప్తోంది. పాతది చేతికి కూడా చెప్పేది. అంతే తేడా. ఆ తేడా కూతురికి చెప్పాలంటే ఇన్నేళ్లూ దాచింది చెప్పాలి.

"నాకు ఇనవడదు రాజయ్యా," అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియదు. పక్కింటామె తలుపులోంచి చూసింది.

రాజయ్య పురికొస కింద పెట్టాడు.

"నాకెరుకే," అన్నాడు.

పోశం అతని పెదవులనే చూస్తూ, పొరపాటు పడ్డాననుకున్నాడు. రాజయ్య మళ్లీ, నెమ్మదిగా అన్నాడు. "నాకెరుకే అన్నా. బాయిలున్నప్పటి సందే."

"ఎట్ల?"

"నువ్వు కడ్డీ కొట్టి చెయ్యి పెట్టి చూస్తుంటివి. నీ ఎనక నిలవడి నేను ఇంటుంటి. నీ చెయ్యి ఎన్నడు తప్పు చెప్పలే. చెప్తే నేనున్న గదా అనుకున్న." పురికొస మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "గందుకే వేరే షిఫ్టుకు పోలే."

పోశం లేచి నిలబడ్డాడు. రేకుల కిందే ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాడు. కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో అతనికే అర్థం కాలేదు. ఆ రోజుల్లో తనొక్కడే మోస్తున్నాననుకున్న భయాన్ని, వెనక నిలబడి ఇంకొకడు కూడా మోశాడు.

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పకపోతివి," అన్నాడు రాజయ్య.

ఇంటికి వచ్చేసరికి అమూల్య డ్యూటీ దిగి, బల్ల మీద ఫోన్ నిలబెట్టి వీడియోకి అంతా సర్దుతోంది. మిషన్లు కనిపించక ఇల్లంతా వెతికినట్టుంది, మొహం చిరాగ్గా ఉంది. పోశం రెండూ తీసి ఆమె ముందు పెట్టాడు.

"నీ చెవులల్ల దూది పెట్టుకో," అన్నాడు.

"ఎందుకు?"

"పెట్టుకో. పెట్టుకోని ఆడు. రెండూ."

అమూల్య దూది పెట్టుకుంది. పోశం రెండు మిషన్లకూ సౌండ్ పూర్తిగా తీసేయించాడు. ఆమె పాతది ఆడింది, బాగానే ఆడింది. కొత్తది పట్టుకుంది. మొదటి బండకే పోయింది. ఇంకోసారి, ఇంకోసారి. కొత్తదాన్ని చేతిలో తిప్పి చూసింది. పలచగా చేయడం కోసం లోపలి వణికే మోటారు తీసేసినట్టున్నారు. అన్నీ పరీక్షించానని అనుకుంది కానీ ఆ సంగతి తట్టనే లేదు.

అప్పుడు తలెత్తి తండ్రిని చూసింది. చెవుల్లోంచి దూది తీయడం మర్చిపోయింది. పోశానికి ఆమె పెదవుల్లో ఒక్క మాటే దొరికింది. "బాపు."

"ఫికర్ చెయ్యకు," అన్నాడు పోశం. "చానా దినాలాయె."

వంటింటి గుమ్మంలో సరోజన నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు.

ఆ సాయంత్రం అమూల్య తీసిన వీడియోలో కొత్తదాని తెరను, స్పీకర్లను, చార్జింగ్‌ను మెచ్చుకుంది. ఆ తర్వాత, ఇంట్లో చెవి వినపడని మనిషి ఉంటే మాత్రం పాతదే కొనండని చెప్పింది. ఎందుకో ఆట ఆడి చూపించింది. ఎవరి గురించో చెప్పలేదు. హర్షిణికి ఫోన్ చేసి కొత్తది ఇస్తానంది. ఆ అమ్మాయి ఆదివారం వచ్చి, ఛాయ్ తాగి, సంతోషంగా పట్టుకుపోయింది.

తర్వాతి వారం అమూల్య సెలవు పెట్టి తండ్రిని కరీంనగర్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే చేయి ఎత్తమన్నారు. పోశం చాలాసేపు చేయి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. కొంత వినికిడి మిగిలిందని, చెవికి మిషన్ పెట్టుకుంటే మాట తెలుస్తుందని డాక్టరు చెప్పింది.

పెట్టుకున్న మొదటి రోజులు అతనికి నరకంగా గడిచాయి. ఫ్యాన్ రెక్కలు, గిన్నెలు, బయట లారీలు, తన చెప్పుల చప్పుడు, అన్నీ ఒకే ఎత్తున తల మీద పడ్డాయి. తీసి జేబులో పెట్టుకునేవాడు. తీయగానే భయమేసి మళ్లీ పెట్టుకునేవాడు. అంతకుముందు కంటే ఎక్కువ తిరిగాడు. కాకపోతే ఇప్పుడు గేటు దగ్గర ఎవరైనా పలకరిస్తే ఆగి, సగం విని, "మళ్ల చెప్పు," అనేవాడు. ఆ మాట అనడం నేర్చుకోవడానికే కొన్ని రోజులు పట్టింది.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుని బయటికి పోయే వీలు లేకుండా పోయింది. సరోజన అతనికి వీపు పెట్టి కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. తనలో తాను మాట్లాడుకున్నట్టు, పొద్దున పాలబ్బాయి రాలేదని, ఇంటి వెనక కాలువ నిండిందని చెప్పుకుపోతోంది. జవాబు వస్తుందని ఆమె అనుకోవడం ఎప్పుడో మానేసింది.

"వాన తగ్గినంక నేను చూస్త కాలువ," అన్నాడు పోశం.

చేట ఆగింది. ఆమె వెనక్కి తిరిగింది.

"ఇన్నేండ్లు ఎన్ని చెప్పినా పలకకపోతివి. నా మీద కోపమనుకున్న."

"ఇనవడలే."

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"కోపం గూడ ఉండె," అన్నాడు పోశం. "నీ మీద గాదు. నా మీదనే."